నలుగురం కలిసి కట్టిన ఒక్క ఫీజు



పోస్టు పెద్దది, ఓపిక ఉన్నప్పుడు చదవండి. "సీసీఎన్ఏ రాస్తే ఉద్యోగం వస్తుందా, మనోళ్లు ఎవరైనా రాశారా" అని తమ్ముళ్లు చాలామంది అడుగుతున్నారు. మేము రాశాం. పాస్ కాలేదు. పాసైనవాళ్లే ఫోటోలు పెడతారు గనక ఫెయిలైనవాళ్ల లెక్క ఎవరికీ తెలీదు. అందుకే మా లెక్క డబ్బులతో సహా ఇక్కడ పెడుతున్నాం.

మేము అంటే నలుగురం. నరసరావుపేటలో హాస్టల్లో ఒకే రూమ్. రూమ్‌లో ఎనిమిది మంది ఉంటాం, అందులో ఈ పిచ్చి పట్టింది నలుగురికి. హాస్టల్లో పేర్లతో ఎవరూ పిలవరు, ఊరు పేరే మన పేరు. బొల్లాపల్లి, వెల్దుర్తి, మాచర్ల, గురజాల. మొదటి ముగ్గురివీ సుగాలి తాండాలు, గురజాలవాడు ఎరుకల పిల్లోడు. అందరం డిగ్రీ మూడో సంవత్సరం కంప్యూటర్స్. నాలుగిళ్లల్లో కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. పరీక్ష హాల్లో కూర్చుంది మాత్రం ఒక్కడే. ఎవడన్నది చెప్పం. చెప్తే ఆ ఊళ్లో వాడొక్కడే ఫెయిలైనట్టు మిగిలిపోతాడు. డబ్బు నలుగురిది, చదువు నలుగురిది. ఈ పోస్టు టైపు చేస్తున్నది ఎవడో కూడా అడగొద్దు.

అసలు మాకు నెట్‌వర్క్ మీద ఇష్టం పుట్టింది పుస్తకం చూసి కాదు. 2020లో స్కూళ్లు మూసేసినప్పుడు మేము తాండాల్లో ఉన్నాం. క్లాసులు ఫోన్లో అన్నారు. బొల్లాపల్లి వాళ్ల తాండాలో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. గుట్ట మీద ఒక చింతచెట్టు, దాని తూర్పు కొమ్మ కింద నిలబడితే రెండు గీతలు, పడమటి పక్కకి జరిగితే ఏమీ ఉండదు. పన్నెండు మంది పిల్లలు ఒక ఫోను చుట్టూ. 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందర్నీ పాస్ చేసిన బ్యాచ్ మాది, ఇప్పటికీ "పరీక్ష రాయని బ్యాచ్" అని ఎగతాళి చేస్తారు. మాకు మాత్రం అప్పటినుంచీ ఒకటే అనుమానం. ఆ కొమ్మ కింద ఏముంది, ఈ కొమ్మ కింద ఏం లేదు? రోడ్డు మీద కరెంటు స్తంభాలకి ఫైబర్ కేబుల్ పోతుంటే చూశాం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ఫైబర్‌నెట్‌ని ప్రారంభించిన సంగతి స్కూల్లో జీకే ప్రశ్నగా బట్టీ పట్టాం. ఆ నల్ల వైరు మా తాండా దారి మలుపు దాకా వచ్చి నేరుగా ముందుకు పోతుంది. మలుపు తిరగదు.

డిగ్రీలో నెట్‌వర్క్స్ పేపరు వచ్చింది. ఏడు లేయర్లు వరసగా చెప్తే మార్కులు పడ్డాయి. అవి ఎందుకో తెలీలేదు. మా హాస్టల్లో చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసే సీనియర్ అన్న ఒకసారి వచ్చినప్పుడు సీసీఎన్ఏ సంగతి చెప్పాడు. సిస్కో కంపెనీ పెట్టే పరీక్ష, కోడ్ 200-301. 120 నిమిషాలు, ఇంగ్లీషులో. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. రూపాయల్లో ఎంత అని అడిగితే అన్న ఫోన్లో లెక్కేసి చూపించాడు. 30 వేలు దాటింది. గురజాలవాడు "అన్నా, సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో చూడు" అన్నాడు. పడలేదు.

చదవడం మొదలుపెట్టడానికి మాత్రం రూపాయి అక్కర్లేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో రౌటర్లు, స్విచ్‌లు, వైర్లు అన్నీ బొమ్మల్లాగా ఉంటాయి, కానీ కమాండ్లు నిజమైనవే. వెల్దుర్తివాడి అన్న సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చిన లాప్‌టాప్ ఒకటి ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోతే ల్యాబ్ కూడా పోతుంది. సేవ్ చేయడం ఎంత ముఖ్యమో ఆ లాప్‌టాప్ నేర్పినట్టు ఏ సారూ నేర్పలేదు. నలుగురికి రాత్రి గంటన్నర చొప్పున వంతులు వేసుకున్నాం. ఆఖరి వంతు వాడికి పొద్దున టిఫిన్ అందేది కాదు, ఇంకొకడు ప్లేటులో పెట్టి ఉంచేవాడు.

ఇంగ్లీషు మొదటి గోడ. మాలో ముగ్గురం పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాట అర్థమైతే విషయం జారిపోయేది, విషయం పట్టుకుంటే మాట జారేది. చివరికి ఏం చేశామంటే, ఒక్కో పాఠం ఒకడు చదవాలి, చదివింది మిగతా ముగ్గురికీ ఇంటి మాటల్లో చెప్పాలి, ఇంగ్లీషు ముక్క రాకూడదు. రాకపోతే వాడికి అర్థం కాలేదని లెక్క. ఇట్టా చెప్పుకున్నవే ఈ రోజుకీ మర్చిపోలేదు.

సబ్‌నెట్టింగ్ చూసి చాలామంది పారిపోతారు. మాకు అది మాచర్లవాడు వాళ్ల నాన్న మిరప చేను పెట్టి చెప్పాడు. చేనులో 256 సాళ్లు ఉన్నాయనుకో. నలుగురు అన్నదమ్ములకి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 64. కానీ ప్రతి ముక్కకీ ఆ చివర ఒక గట్టు, ఈ చివర ఒక గట్టు. గట్టు మీద మొక్క పెట్టలేవు. అంటే నాటుకునేది 62. ఇదే 192.168.10.0 స్లాష్ 26. మొదటి ముక్క 0 నుంచి 63, రెండోది 64 నుంచి 127, మూడోది 128 నుంచి 191, నాలుగోది 192 నుంచి 255. ముందు గట్టు పేరు నెట్‌వర్క్ అడ్రస్, చివరి గట్టు పేరు బ్రాడ్‌కాస్ట్. ఇప్పుడు 192.168.10.130 ఎవరి చేనులో ఉంది? మూడోవాడి చేనులో. వాడి గట్లు 128, 191. అంతే. దీనికి యూట్యూబ్‌లో నాలుగు గంటల వీడియోలు ఉన్నాయి. మేము మూడు చూసి నిద్రపోయాం.

ప్రైవేట్ అడ్రస్‌లు మా తాండా పేర్ల వల్ల అర్థమైనాయి. మా తాండాల్లో ఒకే పేరు వాళ్లు నలుగురైదుగురు ఉంటారు, పక్క తాండాలో మళ్లీ అదే పేరు. తాండా లోపల ఇబ్బంది లేదు, "కింది ఇంటి వాడు", "బర్రెల వాడు" అని సరిపోతుంది. బయటికి వెళ్తేనే ఇంటిపేరు, ఊరు, మండలం కావాలి. ఇళ్లల్లో వైఫై డబ్బాలూ అంతే, ఎక్కడ చూసినా 192.168 తోనే మొదలవుతాయి, లోపల ఎవరికీ గొడవ లేదు. బయటికి పోయేటప్పుడు రౌటర్ తన పేరు పెట్టి పంపుతుంది, దాన్నే న్యాట్ అంటారు. 32 బిట్ల అడ్రస్‌లు మొత్తం కలిపి 429 కోట్ల చిల్లర, ప్రపంచంలో మనుషులకే తలా ఒకటి రాదు. అందుకే కొన్ని అడ్రస్‌లు లోపలి వాడకానికి అని విడిగా పెట్టేశారు.

ఒక తప్పు కూడా చెప్పాలి, అది మా తప్పే. ల్యాబ్‌లో కేబుల్స్ సర్దమని మాకు చెప్పారు. టేబుల్ కింద ఒక వైరు కొస ఊరికే వేలాడుతుంటే, పాపం ఊడిపోయిందేమో అని స్విచ్‌లో గుచ్చాం. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. నిమిషంలో లైట్లన్నీ పిచ్చి పట్టినట్టు కొట్టుకున్నాయి, ల్యాబ్ మొత్తం ఆగిపోయింది, ఎవరో ఆన్‌లైన్ ఫారం సగం నింపుతూ ఉన్నారు. గంటన్నర తర్వాత వైరు దొరికింది. ఆ రాత్రి పుస్తకం తీస్తే అంతా అక్కడే ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేములకి ఆయుష్షు లెక్క ఉండదు, దారి గుండ్రంగా ఉంటే తిరుగుతూనే ఉంటాయి, పెరుగుతూనే ఉంటాయి. దీనికి మందు స్పానింగ్ ట్రీ, 1985లో రేడియా పర్ల్‌మన్ అనే ఆమె కనిపెట్టింది. మంచి స్విచ్‌లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది, మా ల్యాబ్‌లోది ఆ రకం కాదు. మూడు వారాలు మమ్మల్ని అందరూ "లూప్ బ్యాచ్" అన్నారు. పరీక్షలో మాత్రం స్పానింగ్ ట్రీ ప్రశ్న ఒక్కటీ తప్పు పోలేదనే నమ్మకం మాది.

ఇంక డబ్బు సంగతి. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగాం. 40 వేలు అన్నారు, పరీక్ష ఫీజు వేరే. "పాస్ సంగతి మీరు మర్చిపోండి, డంప్స్ మేమిస్తాం, చూసుకుని వెళ్లి టిక్కులు పెట్టి రావడమే" అన్నాడు అక్కడి ఆయన. డంప్స్ అంటే పరీక్ష రాసినవాళ్లు ఎత్తుకొచ్చిన ప్రశ్నలు, జవాబులతో సహా. కోచింగ్‌కి మా దగ్గర డబ్బు లేదు గానీ డంప్స్ పీడీఎఫ్ మాత్రం వారంలో బొల్లాపల్లివాడి ఫోన్‌లోకి ఎవరో పంపించారు. చదవలేదని చెప్పం. రెండు రాత్రులు చదివాం. మూడో రాత్రి ఒక ప్రశ్న దగ్గర తగువు పడ్డాం.

ప్రశ్న ఇట్టాంటిది. రౌటర్‌కి 10.1.0.0 స్లాష్ 16 దారి స్టాటిక్‌గా తెలుసు. 10.1.5.0 స్లాష్ 24 దారి ఓఎస్‌పీఎఫ్ ద్వారా తెలుసు. 10.1.5.9 కి పోయే ప్యాకెట్ ఏ దారిన పోతుంది? పీడీఎఫ్‌లో స్టాటిక్ అని ఉంది, ఎందుకంటే స్టాటిక్ నంబరు 1, ఓఎస్‌పీఎఫ్ నంబరు 110, చిన్న నంబరు గెలుస్తుంది అని. గురజాలవాడు ఒప్పుకోలేదు. ప్యాకెట్ ట్రేసర్‌లో కట్టి చూశాం. ప్యాకెట్ ఓఎస్‌పీఎఫ్ దారినే పోయింది. ఉత్తరం మీద "పల్నాడు జిల్లా" అని ఒక దారి, "ఫలానా మండలం ఫలానా తాండా" అని ఇంకో దారి తెలిస్తే పోస్ట్‌మ్యాన్ ఏది పట్టుకుంటాడు? తాండా దాకా చెప్పినదాన్నే. ఎంత దగ్గరగా చెప్తే అది గెలుస్తుంది, ఆ 1, 110 నంబర్లు రెండు దారులూ ఒకే అడ్రస్‌కి, ఒకే స్లాష్‌తో ఉన్నప్పుడే. పీడీఎఫ్ తప్పు.

ఆ రాత్రే డిలీట్ చేశాం. నిజాయితీ ఒక్కటే కారణం అంటే అబద్ధం అవుతుంది. పట్టుబడితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేసి మళ్లీ రాయకుండా ఆపేయొచ్చు, ఆ భయం ఉంది. జవాబులే తప్పయితే ఏం నమ్మి పోవాలన్నది ఇంకోటి. అసలుది మాత్రం వేరే. క్లాసులో మాకు మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా వెనక బెంచీలో ఒక మాట వినిపిస్తుంది, మీకందరికీ తెలుసు ఆ మాట. "వాళ్లకేంరా, కోటా." సీసీఎన్ఏకి కోటా లేదు. కంప్యూటర్ ముందు మనం ఏ కులమో దానికి తెలీదు. అట్టాంటి చోటికి కూడా దొంగ కాగితం పట్టుకుని పోతే ఆ మాటని మనమే నిజం చేసినట్టు. మాచర్లవాడు ఇంత పొడుగ్గా చెప్పలేదు, "అక్కడన్నా మనంగా పోదాంరా" అన్నాడంతే.

ఫీజుకి చీటీ వేశాం. నలుగురం డబ్బు వేస్తాం, ఒకడు పరీక్షకి పోతాడు, వాడు పాసై ఉద్యోగం తెచ్చుకుంటే మొదటి జీతాల్లోంచి రెండోవాడి ఫీజు, తర్వాత మూడోవాడిది. నోటు పుస్తకంలో రాసి నలుగురం సంతకాలు పెట్టాం. ముందు ఎవరు పోవాలి? సొంతంగా మూడు మాక్ టెస్టులు పెట్టుకున్నాం, సరాసరి ఎవడిది ఎక్కువ వస్తే వాడు. మొదటివాడికీ రెండోవాడికీ తేడా రెండు మార్కులు.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు, సెలవులు మిరప కోతలకి పోయాం. వేళ్లు మండుతుంటే కీబోర్డు ముట్టుకోలేరు, కళ్లు తుడుచుకుంటే ఇంక ఆ రాత్రి చదువు లేదు. 2025లో కాయ రేటు ఎట్టా పడిపోయిందో మీకు చెప్పక్కర్లేదు, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది. ఇళ్లల్లో మమ్మల్ని అడిగే పరిస్థితే గానీ మేము అడిగే పరిస్థితి లేదు. మాచర్ల 8,200, బొల్లాపల్లి 7,600 వేశారు. గురజాలవాడు మేలో కేబుల్ ఆపరేటర్ దగ్గర హెల్పర్‌గా స్తంభాలెక్కి 6,500 తెచ్చాడు, ఫైబర్ అతికించే మిషన్ దగ్గరినుంచి చూసింది మాలో వాడొక్కడే. రెంటచింతల ఎండ పేపర్లో చదివేవాళ్లకి వేరు, మధ్యాహ్నం ఒంటిగంటకి నిచ్చెన మీద ఉన్నవాడికి వేరు. వెల్దుర్తివాడు 9,000 వేశాడు, అందులో 5,000 వాళ్ల యాడి డ్వాక్రా అప్పులోంచి ఇచ్చింది. ఆమె ఇస్తూ ఒకటే అడిగిందంట, "ఇది ఫీజా, లంచమా?" ఫీజే అని చెప్తే "అయితే రసీదు తీసుకో" అంది. మొత్తం 31,300. ఫీజు పోను మిగిలింది బస్సుకి సరిపోయింది, తిండికి చాలలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాం, రాసుకోండి. పరీక్షకి రిజిస్టర్ చేసుకున్న పేరు, చూపించే గుర్తింపు కార్డు మీద పేరు ఒక్కటిగా ఉండాలి. లేకపోతే లోపలికి పంపరు, డబ్బూ తిరిగి రాదు. మేము నలుగురి కార్డులూ మంచం మీద పరిచి చూశాం. ఒక్కడిది కూడా అన్ని కార్డుల్లో ఒకేలా లేదు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఇంకోచోట ఒక్క అక్షరం, ఒకచోట నాయక్ ఉంటే ఇంకోచోట లేదు, ఒకడి ఇంటిపేరు ఇంగ్లీషులో మూడు రకాలు. మన పేర్లు మనోళ్లు రాయలేదు, స్కూల్లో చేర్చేరోజు ఎవరికి ఎట్టా వినపడితే అట్టా రాశారు. మన గ్రూపులో సగం మందికి ఇదే ఉంటుంది. పరీక్ష రాసినా రాయకపోయినా ముందు ఇది సరిచేసుకోండి. మాకు దీనికే నెలన్నర పట్టింది.

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసే వీలు కూడా ఉంది. కానీ గదిలో ఒక్కడే ఉండాలి, మధ్యలో ఎవరూ తలుపు తీయకూడదు. ఎనిమిది మంది ఉండే రూమ్‌లో అది జరిగే పని కాదు. అందుకే హైదరాబాద్ సెంటర్ పెట్టుకున్నాం. రాత్రి బస్సు, పిడుగురాళ్ల, దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా. బస్సు ఎక్కించడానికి ముగ్గురం వెళ్లాం. పెళ్లికొడుకుని పంపినట్టు ఉందని ఎవడో జోకు వేశాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

లోపల జరిగింది ఇది. ఫోను, పర్సు, వాచీ అన్నీ లాకర్లో. రాసుకోవడానికి తుడిచే పలక లాంటిది, మార్కరు ఇస్తారు. కూర్చోగానే 128, 64, 32 పట్టిక వేసుకున్నాడు. మొదటి పది ప్రశ్నలు బాగానే పోయాయి. తర్వాత ఒక ల్యాబ్ ప్రశ్న వచ్చింది, రౌటర్లు ఇచ్చి నిజంగా కమాండ్లు కొట్టి సరిచేయమంటారు. ప్యాకెట్ ట్రేసర్‌లో వందసార్లు చేసిందే. కానీ పింగ్ పోవట్లేదు. ఎక్కడో తప్పు ఉంది, కనపడట్లేదు. ఈ పరీక్షలో ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి రావడానికి వీల్లేదు. మా రూమ్‌లో అలవాటేంటంటే, దొరక్కపోతే దొరికేదాకా కూర్చోవడం. అదే చేశాడు. తలెత్తి చూస్తే 26 నిమిషాలు పోయాయి. చివర్లో ప్రశ్నలు చదివే టైము లేదు, నొక్కుకుంటూ పోయాడు. ఆఖరివి కొన్ని తెరుచుకోనే లేదు.

పాస్ మార్కు ఎంతో సిస్కో బయట చెప్పదు. రిపోర్టులో ఆరు భాగాలు, ఒక్కోదాన్లో మన శాతం ఎంతో ఇస్తారు. అన్నిటికన్నా పెద్ద భాగం ఐపీ కనెక్టివిటీ, 25 శాతం. మాకు అన్నిటికన్నా తక్కువ వచ్చింది అందులోనే. డంప్‌ని తప్పు పట్టిన భాగం అదే.

తెల్లారి బస్టాండ్‌లో దిగినప్పుడు ముగ్గురం అక్కడే ఉన్నాం. వాడు దిగి, "టీ తాగుదామా" అన్నాడు. తాగాం. ఎవరం ఏం అనలేదు. అనలేదు గానీ మనసులో ఏం రాలేదంటే అబద్ధం. డిలీట్ చేసిన పీడీఎఫ్ గుర్తొచ్చింది, నలుగురికీ గుర్తొచ్చిందని తర్వాత ఒప్పుకున్నాం. రెండు మార్కుల తేడాతో ఆగిపోయినవాడికి "నేను పోయుంటే" అని అనిపించింది. వాడే ఆ మాట వారం తర్వాత పైకి చెప్పి ఏడ్చాడు. రాసినవాడు మాతో కలిసి మెస్‌కి రావడం మానేశాడు, అందరూ వెళ్లొచ్చాక వెళ్లేవాడు. నాలుగు రోజులు చూసి మేము కూడా అందరూ వెళ్లొచ్చాకే వెళ్లడం మొదలుపెట్టాం. అప్పటికి సాంబారు అడుగంటి ఉండేది. చివరికి వాడే "సరే రండిరా, ముందే పోదాం" అన్నాడు.

ఇళ్లల్లో పదిహేను రోజులు చెప్పలేదు. వెల్దుర్తి యాడికి చెప్పడానికి నలుగురం కలిసి తాండాకి వెళ్లాం. రసీదు ప్రింట్ తీసి తీసుకెళ్లాం, అడిగింది కదా. ఆమె చదవలేదు, మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. "మళ్లీ రాయొచ్చా?" అంది. ఐదు రోజులు ఆగితే ఎప్పుడైనా రాయొచ్చు, కానీ మళ్లీ అంత డబ్బూ కట్టాలి అని చెప్పాం. "ఐదు రోజులే ఆగమన్నారా, మేము మిరప పోతే ఏడాది ఆగుతాం" అంది. తర్వాత అన్నం పెట్టింది. ఆ సాయంత్రం వాళ్ల తాండాలో ఒక ఇంట్లో కొత్తగా పెట్టిన నెట్ డబ్బా పనిచేయట్లేదంటే వెళ్లి చూశాం. వైరు కొస సరిగా కూర్చోలేదు, ఐదు నిమిషాల పని. ఆ ఇంటాయన వంద రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాం. యాడి మమ్మల్ని తిట్టింది, పని చేసి డబ్బు వద్దనడం ఏం చదువని.

చాలామంది అడిగిన దానికి మాకు తెలిసిన జవాబు. సీసీఎన్ఏ ఒక్కటే ఉంటే ఉద్యోగం నడిచి రాదు, ఆ సీనియర్ అన్న కూడా అదే అన్నాడు. నైట్ షిఫ్ట్‌లో నెట్‌వర్క్ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలకి తలుపు తెరుస్తుంది, లోపల ఇంటర్వ్యూలో చేసి చూపించాలి. అంత డబ్బు ఒకేసారి పెట్టలేనివాళ్లకి సిస్కోదే చిన్న పరీక్ష ఇంకోటి ఉంది, సీసీఎస్‌టీ నెట్‌వర్కింగ్, 2023లో మొదలైంది, ఫీజు 125 డాలర్లు. మాకు ఆలస్యంగా తెలిసింది, ముందే తెలిస్తే మొదట అదే రాసేవాళ్లం. నెట్‌వర్కింగ్ అకాడమీలో మూడు కోర్సులూ ఒక అకాడమీ కింద సారుతో పూర్తిచేసి చివరి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటే సీసీఎన్ఏ ఫీజులో తగ్గింపు వోచర్ కూడా వచ్చే వీలుంది. మేము సొంతంగా చదివాం గనక ఆ దారి మాకు లేకపోయింది. మీ కాలేజీలో సిస్కో అకాడమీ ఉందేమో అడగండి, ఉండి కూడా పిల్లలకి తెలియని చోట్లు ఉంటాయి. పరీక్షలో ల్యాబ్ ప్రశ్నకి పది నిమిషాలు దాటితే వదిలేసి ముందుకి పొండి. ఈ ముక్కకి మేము 30 వేలు కట్టాం, మీరు ఉత్తినే తీసుకోండి.

చీటీ సంగతి ఇంకా తేలలేదు. రెండోసారి ఎవరు పోవాలని రూమ్‌లో రోజూ గొడవే. మళ్లీ వాడే పోవాలని ముగ్గురం, వేరేవాడు పోవాలని ఒక్కడు. ఆ ఒక్కడు ఎవడో మీకు అర్థమయ్యే ఉంటుంది. సంక్రాంతికి కోతలు మొదలవుతాయి, అప్పటిదాకా తగువుకి టైము ఉంది. ఇప్పుడు స్టాప్‌వాచ్ పెట్టుకుని ల్యాబ్‌లు చేస్తున్నాం, పది నిమిషాలు కాగానే పక్కవాడు లాప్‌టాప్ లాగేసుకుంటాడు, దొరికినా దొరక్కపోయినా.

ఒక చిన్న సాయం. ఎవరి ఆఫీసులోనైనా, తెలిసినవాళ్ల దగ్గరైనా పాత మేనేజ్డ్ స్విచ్ పక్కన పడేసి ఉంటే చెప్పండి, లైట్లు సగం వెలిగినా పర్లేదు, వచ్చి మోసుకుపోతాం. జూనియర్లకి ఆదివారం ఆదివారం చెప్తున్నాం, అమ్మాయిల హాస్టల్ చెల్లెళ్లు అడిగారు కాబట్టి ఫోన్‌లో కూడా పెడుతున్నాం. వచ్చే ఆదివారం సబ్‌నెట్టింగ్, పొద్దున పది గంటలకి, మా హాస్టల్ వరండాలో. తెల్ల కాగితం, పెన్సిల్ తెచ్చుకోండి.